అరవై దాకా లెక్క

నా మాటల్లో సగం కోసేసి చదవండి, ముందే చెబుతున్నా. పామిడిలో నాకు కెమెరా నేర్పిన స్టూడియో అన్న గట్టిగా అంకెలు లెక్కపెడితే గుత్తిలో రైలు ఆగేది. టీ తాగినా గుక్కలు లెక్కపెట్టేవాడు. రాత్రి ఫొటోకి ఆయన పాఠం ఇంతే: లెన్సు రంధ్రం ఎనిమిదో నంబరు మీద పెట్టు, షట్టర్ తెరిచి అరవై లెక్కపెట్టు, మధ్యలో కదలొద్దు, కదిలితే ఫొటో చెదురుతుంది.

ఒక కరువు ఏడు, ఎండిన పెన్నను వెన్నెల్లో ఫొటో తీస్తున్నాం. దూరంగా ఒకాయన లాంతరు పెట్టుకుని, నిలువెత్తు గుంతలో దిగి నీళ్ల కోసం చెలమ తవ్వుతున్నాడు. అన్న ముప్పై అనేసరికి ఇసుక జారిన చప్పుడైంది. లాంతరు కనబడలేదు.

“అన్నా, మనిషి కూరుకపోయినాడు, పోదాం పా,” అన్నాను.

“షట్టర్ తెరిచుండాది, కదలగాకప్పా. ముప్పై ఒకటి,” అన్నాడు.

అరవై అయినాకే పరిగెత్తినాం. చేతులతో తవ్వి పైకి తీసేసరికి ఆయనకు ఊపిరి లేదు. ఫొటో మాత్రం ఇసుమంత చెదరలేదు. ఆ తర్వాత అన్న టీ గుక్కలు లెక్కపెట్టడం నేను వినలేదు.

ఇందులో చాలా మటుకు పెంచి చెప్పిందే. పూర్తిగా కల్పించింది మా ఇద్దరి మాటలే. నేను పోదామనలేదు, అన్న వద్దనలేదు. ముప్పై ఒకటి నుంచి ఇద్దరం కలిసే లెక్కపెట్టినాం.