ఎల్లారెడ్డికి ఒడిలో వెళ్లిన ట్యాంకు

ముందే చెప్తున్నాను, ఎల్లారెడ్డిలో మా చెల్లె సుజాత గృహప్రవేశం నాడు నా వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. మిగతాదంతా చదివాక మీకు ఆ అనుమానం రావచ్చు. వంటవాళ్లు గరిటెలు కింద పెట్టి అలిగారు. పంతులు కాళ్లు కడుక్కోవడానికి పక్కింటికి పోయాడు. మిద్దె మీద తాళ్లు పట్టుకుని నిలబడ్డ నలుగురు మనుషులు నన్ను చూసిన చూపు నేను కాటికి పోయేదాకా మరిచిపోను. ఇంతటికీ కారణం, ఒక మధ్యాహ్నం నేను ఫోనులో అన్న ఒక్క "ఊఁ".

నేను నీటిపారుదల శాఖలో నక్షలు గీసి రిటైరైన మనిషిని. ఆఫీసు కాయితాల్లో చెరువును ట్యాంకు అనే రాసేవాళ్లం. ఇంటికొస్తే ట్యాంకు అంటే మిద్దె మీది నీళ్ల ట్యాంకు. ఈ రెండింటి మధ్యే నా జీవితమంతా హాయిగా గడిచింది. మూడో ట్యాంకు ఒకటి ఉందని రిటైరయ్యాక తెలిసింది. హైదరాబాదులో ఒక దుకాణం అద్దం వెనక కనబడింది, అరచేతిలో పట్టేంత యుద్ధ ట్యాంకు. చక్రాలు, గొలుసులు, ఫిరంగి పైపు, మూతలు, మేకులు, అన్నీ ఉన్నాయి. ఆ అద్దం ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నా భార్య లక్ష్మి ఇప్పటికీ బంధువులకు చెప్తుంటుంది, చెప్పిన ప్రతిసారీ ఆ సమయం కొంచెం పెరుగుతుంది.

కొన్న పెట్టెలో ట్యాంకు ఉండదు, ట్యాంకు కాగల ముక్కలు ఉంటాయి. ప్లాస్టిక్ చట్రాలకు అతుక్కుని ఉన్న ఆ ముక్కల్ని ఒక్కొక్కటీ కోసి, అంచులు రుద్ది, పట్టుకారుతో పట్టి జిగురుతో అతికించాలి. ఆ తర్వాత రంగులు. కామారెడ్డిలో మా ఇంటి మీది గది పడమటి కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాను. పేరుకు కొత్త సరదా కానీ, పని పాతదే. నౌకరీ అంతా పెద్ద పెద్ద చెరువులను కాయితం మీద చిన్నవి చేసినవాణ్ని కదా.

ఒక్క తేడా ఉంది. నక్షలోకి దిగడం నాకెప్పుడూ కుదరలేదు. ట్యాంకులోకి దిగేవాణ్ని.

నవ్వకండి. మధ్యాహ్నపు వెలుతురు బల్ల మీద పరుచుకున్నప్పుడు, భూతద్దం కింద ఆ గోరంత మూతను చూస్తూ ఉంటే గది మెల్లగా కరిగిపోయేది. కిందింట్లో మిక్సీ మోత ఇంజను చప్పుడయ్యేది. నేను మూత ఎత్తుకుని లోపలికి దిగేవాణ్ని. అక్కడ చల్లగా, చీకటిగా, నూనె వాసనగా ఉండేది. ముందు కూర్చున్న డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, "ఎటు పోనియ్యాలె సార్?" అని అడిగేవాడు. "పోచారం దిక్కు పోనియ్" అనేవాణ్ని. పోచారం చెరువు అలుగు మీద నీళ్లు పల్చటి తెరలాగా జారుతుండేవి. జింకలు తలెత్తి మమ్మల్ని చూసి, వీళ్లేం చేస్తారులే అన్నట్టు మళ్లీ మేతలో పడేవి. ఆ లోకంలో యుద్ధం ఉండేది కాదు. నా ట్యాంకు ఎవరి మీదికీ పోలేదు, ఊరికే షికారుకు పోయేది. దాని గొలుసులకు పూయడానికి పోచారం నుంచి నిజం మట్టే తెచ్చాను. చాయ వడబోసే జాలీతో జల్లించాను. ఆ జాలీ ఏమైందని లక్ష్మి అడిగిన రోజు ఇంకో కథ.

ఇట్లా నేను అలుగు పక్కన విహరిస్తున్న ఒక మధ్యాహ్నం సుజాత ఫోన్ చేసింది.

సుజాత ఇల్లంటే మామూలు ఇల్లు కాదు. భర్త నర్సయ్య మస్కట్‌లో ఎండకు మాడి, ఆమె ఇక్కడ ఏళ్లకేళ్లు బీడీలు చుట్టి లేపిన గోడలవి. సొంత ఇల్లు కట్టేది కల్ల అని అత్తగారింటి వైపు వాళ్లు నవ్వేవారు. ఇప్పుడు వాళ్లందరినీ పిలిచి, వాళ్ల ముందు గడప దాటాలని దాని ఆశ.

"అన్నా, పుట్టింటోళ్ల తరఫున ఇంటికి ఏదన్నా ఒక వస్తువు ఉండాలె. వదిన ఒడిబియ్యం పోస్తది, సరే. నువ్వేం తెస్తవ్?"

నేను కుంచె కొనతో మేకు తల మీద రంగు పెడుతున్నాను. ప్రాణమంతా కుంచెలో ఉంది.

"ట్యాంకు తెస్తున్న చెల్లె" అన్నాను.

"నిజంగనా అన్నా?" దాని గొంతు మారింది. "మేమే కొందామనుకున్నం. ఎంతది?"

"ఒకటికి ముప్పై అయిదు." అంటే అసలు దానిలో ముప్పై అయిదో వంతు అని.

"ముప్పై అయిదు అంటే, ముప్పై అయిదు వందల లీటర్లా?"

సరిగ్గా అప్పుడే కుంచె వెంట్రుక ఒకటి ఊడి తడి రంగు మీద పడింది. ఊపిరి బిగబట్టి దాన్ని తీస్తూ, "ఊఁ" అన్నాను.

"గంత పెద్దదెందుకన్నా, మేముండేది నలుగురమే."

"ఉండనీయ్. పుట్టింటి గుర్తు."

"ఎన్ని లేయర్లు?"

నా రంగు పనిలో ఇంత ఆసక్తి చూపిన మొదటి మనిషి మా చెల్లె. కళ్లు చెమర్చాయి. "మూడు. ఒకటి ఆరినంక ఒకటి వేసిన."

"నువ్వే వేసినవా? గట్ల సుత చేస్తరా? మూత గట్టిదేనా అన్నా? ఈడ కోతులు మూతలెత్తి పడేస్తున్నయ్."

"మూత మంచిగ తెరుచుకుంటది, మూసుకుంటది. జిగురు అంటకుండ కాపాడిన."

"లీకైతదా?"

"అతుకు కనబడితే నా పేరు మార్చు."

"పైపో?"

"పొడుగ్గుంటది. ఎటు తిప్పితే అటు తిరుగుతది."

"మంచిగైంది. ప్లంబరుకు చెప్త."

ప్లంబరు అన్న మాట నా చెవిన పడింది. పడలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ చెవి అప్పుడు పోచారంలో ఉంది. ఆ రోజు డైరీలో ఇట్లా రాసుకున్నాను: "ట్యాంకు గురించి సుజాత చాలా వివరంగా అడిగింది. మా ఇంట్లో కళను గుర్తించేది అదొక్కతే."

అన్నం పెడుతూ లక్ష్మి అడిగింది, "మీ చెల్లెకు అది బొమ్మ అని చెప్పినవా?"

"బొమ్మ అనకు. మోడల్ అను."

"పోనీ, మోడల్ అని చెప్పినవా?"

"ట్యాంకు అని చెప్పిన. అన్ని అడిగింది. పైపు సుత అడిగింది."

"పైపు అడిగిందా?" లక్ష్మి గరిటె గాలిలోనే ఆగింది. "నీకు సమజైతే చాలు తీయ్" అని పప్పు వేసింది.

గృహప్రవేశం నాడు తెల్లవారుతుండగానే కామారెడ్డిలో బస్సెక్కాం. నల్లా నీళ్లు వచ్చే వేళకు ముందే చేరాలని సుజాత మరీ మరీ చెప్పింది. గృహప్రవేశానికీ నల్లాకూ సంబంధమేమిటో నేను ఆలోచించలేదు. అట్టపెట్టె ఒడిలో పెట్టుకుని, బస్సు ఎగిరినప్పుడల్లా పసిపిల్లను ఎత్తినట్టు పైకెత్తాను. లింగంపేట దాటాక పొలాల మీద మంచు లేస్తోంది. ఆ మంచులోంచి నా ట్యాంకు కూడా బస్సు పక్కనే వస్తున్నట్టు అనిపించింది. అందులోని డ్రైవరు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. బయట గడ్డి కోస్తున్న ఆమె తనకే అనుకుని తానూ ఊపింది.

కొత్త ఇంటి ముందు షామియానా వేసి ఉంది. మిద్దె మీద ఇటుకలతో కట్టిన ఎత్తైన గద్దె, దానికి సున్నం, పసుపు బొట్లు, మామిడాకుల తోరణం. గద్దె మీద ఏమీ లేదు. పక్కన నలుగురు తాళ్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. దేవుణ్ని మిద్దె మీద కూర్చోబెడతారు కాబోలనుకున్నాను.

నర్సయ్య ఎదురొచ్చాడు. మేమిద్దరం ఒకరినొకరం బావ అనే పిలుచుకుంటాం.

"రా బావ. ట్రాలీ ఏడిదాక వచ్చింది?"

"ట్రాలీ ఎందుకు బావ? బస్సుల వచ్చినం."

"మీరు గాదు. ట్యాంకు."

"అది సుత బస్సులనే వచ్చింది."

"బస్సు మీదికి ఎక్కనిచ్చిండ్రా?"

"మీదికెందుకు, ఒడిల పెట్టుకున్న."

నర్సయ్య నా ఒడి ఉండాల్సిన చోటు చూశాడు. తర్వాత పెట్టె చూశాడు. నేను గర్వంగా మూత తీశాను. ఆకుపచ్చ ట్యాంకు, చక్రాలకు పోచారం మట్టి, పైపు నేరుగా నర్సయ్య బొడ్డు వైపు. షామియానా కింద జనం ఒక్కొక్కరే లేచి చుట్టూ మూగారు. నర్సయ్య మేనత్త ఒకామె కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, "గిండ్ల నీళ్లు ఏడ పోస్తరు బిడ్డా?" అని అడిగింది.

అప్పుడు, ఆ క్షణంలో, ముప్పై అయిదు వందల లీటర్లూ ఒక్కసారిగా నా నెత్తి మీద పడ్డాయి.

సరిగ్గా అప్పుడే నల్లా వచ్చింది. ప్లంబరు పైపును ముందే గద్దె దాకా బిగించి ఉంచాడు, ట్యాంకు రాగానే తగిలిద్దామని. ఖాళీ గద్దె మీద నీళ్లు బుసకొట్టి, తాళ్ల మనుషులను తడిపి, మిద్దె నిండి, తూముల్లోంచి షామియానా మీదికి దూకాయి. బిందెలు, బకెట్లు, చివరికి చెప్పులు పెట్టిన తొట్టి కూడా తెచ్చి పట్టారు. పట్టినవి పసుపు నీళ్లకే సరిపోయాయి. అంతలోనే నల్లా ఆగింది. వంటాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బియ్యం ఉన్నయ్, కట్టెలున్నయ్. నేనేమన్న ఉమ్మేసి వండాల్నా?"

అత్తగారి వైపు వాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. సుజాత ఆ నవ్వు విన్నది. దాని ముఖం చూడలేకపోయాను. అది కొంగుతో కళ్లొత్తుకుని మెల్లగా అన్నది, "అన్నా, ట్యాంకరన్న తీస్కరాపో."

కొత్త పంచెతో పరుగెత్తాను. పెట్టె ఎవరూ తీసుకోలేదు కాబట్టి చంకలోనే ఉంది. చౌరస్తా దగ్గర ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకర్ తగిలించుకున్న డ్రైవరు చాయ తాగుతున్నాడు.

"తమ్మీ, జల్ది రావాలె. శుభకార్యం. సుక్క నీళ్లు లేవు."

"వస్త గని, చంకల ఏంది సార్?"

"ట్యాంకు."

"ట్యాంకు ఉండంగ నాతోని ఏం పని?"

ఎక్కి అతని పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాను. వెనక ట్యాంకర్, ఆకుపచ్చ రంగు, చక్రాలకు ఎర్రమట్టి, కింద వేలాడుతున్న లావు పైపు. ఇంజను మోగింది. పొద్దుటి ఎండలో ట్యాంకర్ అతుకుల్లోంచి నీళ్లు కారుతూ రోడ్డు మీద మెరుస్తున్నాయి, అచ్చం అలుగు మీద తెరలాగా. లోకమంతా కొంచెం మెత్తబడింది.

డ్రైవరు వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "ఎటు పోనియ్యాలె సార్?"

పోచారం దిక్కు అనబోయాను. దేవుడి దయ, నోరు మూసుకుని చెల్లె ఇంటి వైపు వేలు చూపించాను.

ఆ విధంగా నా జీవితంలో ఒక్కసారి, ఒడిలో ఒక ట్యాంకుతో, వెనక ఒక ట్యాంకుతో, సేనాధిపతిలా ఎల్లారెడ్డి వీధుల్లోంచి వచ్చాను. షామియానా కింద అందరూ లేచి నిలబడ్డారు. వంటాయన గరిటె ఎత్తాడు. సుజాత గుమ్మంలో నన్ను చూసి మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత అడ్డం పెట్టుకోవడం మానేసి నవ్వింది. అది నవ్వాక ఇక అత్తగారి వైపు వాళ్లకు నవ్వడానికి ప్రత్యేకంగా ఏమీ మిగల్లేదు. పాలు పొంగాయి. ఒడిబియ్యం పోశారు. ఆలస్యంగానైనా అన్నం వడ్డించారు, అందరూ చేతులు కడుక్కునే తిన్నారు.

భోజనాలయ్యాక సుజాత నా ట్యాంకును పీట మీద పెట్టి బొట్టు పెట్టింది. "పుట్టింటి వస్తువు, ఖాళీగ పెట్టొద్దు" అని, గోరంత మూత తెరిచి, ఒక చెంచా నీళ్లు జాగ్రత్తగా పోసింది. అందరం వంగి చూస్తున్నాం. చక్రాల సందుల్లోంచి నీళ్లు మెల్లగా కారాయి, పోచారం మట్టితో సహా.

"అన్నా," అన్నది, "లీకైతుంది."

ఆ వారంలోనే మూడు లేయర్ల నల్ల ట్యాంకు ఒకటి ట్రాలీలో పంపించాను. దాని మీద నర్సయ్య తెల్ల రంగుతో "ఇది నీళ్లది" అని రాయించాడు.

కనుక నేను మనస్సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా నోటి నుంచి ట్యాంకు అన్న మాట వస్తే, అది చెరువో, నీళ్లదో, షికారుకు పోయేదో వెంటనే చెప్తాను. చేతిలో కుంచె ఉండగా ఎవరికీ, దేనికీ ఊఁ అనను.

ఈ ముక్క రాసి కుంచె పట్టుకున్నానో లేదో కింద నుంచి లక్ష్మి ఏదో అడిగింది. కుంచె కడిగి, ఆరబెట్టి, మెట్లు దిగి, ఆమె ఎదురుగా నిలబడి మళ్లీ అడగమన్నాను.

"చాయ తాగుతవా అంటున్న."

ఎంతది, ఎన్ని లేయర్లు అని అడిగాను. ఆమె చూసిన చూపుకు మారు మాట్లాడకుండా, బాగా ఆలోచించి, ఊఁ అన్నాను.