పన్నెండు వోల్టుల డ్రిల్

థాంక్స్‌గివింగ్ దాకా ఆగుదామన్నది నేనే. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే తప్పు మెల్లగా ఆయన మీదకి నెట్టేస్తాను, నా బుద్ధి నాకు తెలుసు.

మా ఆయనది కార్ల కంపెనీలో ఇంజినీరు ఉద్యోగం. నోవై ఊళ్ళో ఈ ఇల్లు కొన్నాక, ఒక్క మేకు కొట్టడానికైనా బయటి మనిషిని పిలిచిన పాపాన పోలేదు. నిరుడు వేసవిలో ఆయన కుడిచేతి పట్టు సడలడం మొదలైంది. నరాల జబ్బన్నారు, తగ్గేది కాదన్నారు. బాత్‌రూమ్‌లో పడిపోకుండా పట్టుకోవడానికి గోడకి స్టీలు రాడ్ బిగించుకోమని థెరపిస్టు చెప్పింది. ఎవరినైనా పిలుద్దామన్నాను.

"ఇదొక్కటి నన్ను చెయ్యనియ్యి," అన్నారాయన.

ఇంట్లో ఉన్న పాత డ్రిల్ వైరుది, మహా బరువు. అందుకని ఓ ఆదివారం కార్డ్‌లెస్‌ది కొనడానికి వెళ్ళాం. ఆయన ఒక్కొక్కటే ఎత్తి చూసి దించారు. పద్దెనిమిది వోల్టులవాటికి బలం ఎక్కువే గానీ, బ్యాటరీ పెడితే మణికట్టు కిందికి లాగేస్తోంది. పన్నెండు వోల్టులది చిన్నది, తేలిక, మన పనికి ఇది చాలన్నారు. అందులో మళ్ళీ రెండు రకాలు. మామూలు మోటారుది చవక. బ్రష్‌లెస్ అనేది ఖరీదు, కానీ ఏళ్ళతరబడి మన్నుతుందట.

"మన్నేది నాకెందుకులే," అని చవకదాన్ని బుట్టలో వేశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు రావలసిన చోట నాకెప్పుడూ కోపమే వస్తుంది. దాన్ని తీసి అరలో పెట్టేసి, కొంటే మన్నేదే కొందామన్నాను. తీరా ధర చూశాక నోరు ఊరుకోలేదు. థాంక్స్‌గివింగ్ పండగ సేల్‌లో సగం ధరకి ఇస్తారు, రెండు నెలలేగా, ఇప్పుడు ఎవరైనా కొంటారా అన్నాను. టీవీ, మిక్సీ, ఇండియా వెళ్ళే సూట్‌కేసులు, అన్నీ అప్పుడే కొన్నాం మేము. ఆయన వాదించలేదు. ఖాళీ చేతులతో వచ్చేశాం.

ఆ వారంలోనే బాత్‌రూమ్ టైల్స్ మీద రాడ్ ఎక్కడ రావాలో కొలిచి, రసమట్టం పెట్టి, పెన్సిల్‌తో ఆరు గుర్తులు పెట్టుకున్నారు. ఆ గీతలు వంకరపోకుండా గీయడానికి ఒక పూట పట్టింది.

సేల్ రోజు పొద్దున్నే మంచులో లైన్‌లో నిలబడి తెచ్చాను. నిజంగానే సగం ధరకి వచ్చింది. దారంతా సంతోషంగా డ్రైవ్ చేశాను, సిగ్గులేకుండా.

బాక్స్ నేనే తెరవాల్సి వచ్చింది. ఆయన డ్రిల్ చేతిలోకి తీసుకున్నారు. చూపుడువేలు మీట మీద ఆనింది గానీ నొక్కలేకపోయింది. కుడివేలి మీద ఎడమచేత్తో ఒత్తారు. డ్రిల్ ఒక్కసారి గిర్రున తిరిగి ఒళ్ళోకి జారిపోయింది. నేను పట్టుకుంటాను, మీరు నొక్కండి అన్నాను. తల అడ్డంగా ఊపారు.

"బాక్స్ పారెయ్యకు. రిటర్న్ చెయ్యొచ్చు," అన్నారు.

మర్నాడు పనివాణ్ణి పిలిపించాను. తన డ్రిల్‌తో ఆ పెన్సిల్ గుర్తుల మీదే ఇరవై నిమిషాల్లో బిగించి వెళ్ళాడు. అంతసేపూ ఆయన బెడ్‌రూమ్ తలుపు వేసుకుని ఉన్నారు.

డ్రిల్ వెనక్కి ఇవ్వడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. పాడైందా అని అడిగింది కౌంటర్‌లో అమ్మాయి. లేదన్నాను. మరి కారణం ఏం పెట్టమంటారంది. ఆలస్యంగా కొన్నానని చెప్పాను. అలాంటిది తన స్క్రీన్ మీది లిస్టులో లేదట. 'మనసు మార్చుకున్నారు' అన్నదాని మీద నొక్కి, రసీదు నా చేతికిచ్చింది.