కూలర్‌లో దొరికిన జవాబు

పోయిన ఎండాకాలం మా బాపు న్యుమోనియాతో మహబూబాబాద్ దవాఖానలో చేరాడు. ఐదు రోజులు సూదులు వేసినా జ్వరం దిగలేదు.

నేను కాలేజీలో జువాలజీ చెబుతాను. బట్టల కోసం నెల్లికుదురులోని ఇంటికెళ్లి, బాపు మంచం పక్కనున్న కూలర్ వాసన కొడుతుంటే అందులో చెయ్యి పెట్టాను, పాకుడు తగిలింది. నీళ్లు పోయడమే తప్ప ఎన్నడూ కడగలేదు. ఒక చుక్కను కాలేజీ మైక్రోస్కోపు కింద చూస్తే అమీబాలు! న్యుమోనియా తెచ్చే కొన్ని బ్యాక్టీరియాలు వాటి లోపలే పెరుగుతాయని ఏటా పాఠం చెప్పేది నేనే.

సిగ్గుపడుతూనే డాక్టర్‌కు చెప్పాను. "మంచిగ యాది చేసిన్రు మేడమ్" అంటూ పరీక్ష చేయించారు. ఆ రకం బ్యాక్టీరియానే అని తేలింది. మందు మార్చిన మూడోనాడు బాపు లేచి కూర్చుని, "బిడ్డా, జర చాయ్ పొయ్యి" అన్నాడు.

ఇప్పుడు బాపు వాడకట్టంతా తిరిగి, "కూలర్ల నీళ్లు పారబోసిన్రా?" అని నిలదీస్తున్నాడు. నా పాఠం ఇంతగా ఒంటబట్టిన విద్యార్థి మా బాపు ఒక్కడే!