కస్టడీలో నల్లపెట్ట

రెండు దేశాల సరిహద్దు తగాదాలో తీర్పు రాసిన పెన్నుతోనే కోడిపెట్ట కేసు కూడా రాశాను. మొదటిదానికి ఎవరూ నవ్వలేదు.

జిల్లా కోర్టు నుంచి ఢిల్లీ దాకా, అక్కణ్ణించి విదేశంలో అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళి, రిటైరయ్యాక డుంబ్రిగుడ దగ్గర చిన్న పల్లెలో నేనూ మా ఆవిడా ఇల్లు కట్టుకున్నాం. ఎవరైనా ఏదైనా అడుగుతారేమోనని రోజూ అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒక్కరూ అడగలేదు. తగాదాలన్నీ ఊరిపెద్దే తీర్చేవాడు, అదీ బీడీ కాలేలోపు. నాకు కడుపుమంటగా ఉండేది, దాచుకోవడమెందుకు.

ఒకరోజు మా ఎదురు వరసలో పక్కపక్క ఇళ్ళ ఆడవాళ్ళిద్దరు ఒకే నల్లపెట్టను పట్టుకుని లాక్కుంటూ వచ్చారు. ఊరిపెద్ద కూతురింటికి వెళ్ళాడట. అందుకని నేను!

"పిల్లప్పట్నించీ పెంచినాను బాబూ, నాదే," అంది పెద్దామె.

"అబద్దం! సంతలో నేను కొన్నాను," అంది చిన్నామె. "గుడ్లెట్టే యాళయింది, బేగి సెప్పండి బాబూ."

కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరి వాదనా విన్నాను. పెట్టను మూడు వైపుల నుంచీ చూశాను. ఇంతలో పాత అలవాటు కొద్దీ నోరు జారింది. "తీర్పు వాయిదా. అంతవరకూ పెట్ట కోర్టు కస్టడీలో ఉంటుంది."

"కోడికి వాయిదా ఏటి బాబూ?" అంది పెద్దామె.

పెట్టను మా పెరట్లో గంప కింద పెట్టాం. వారం రోజుల్లో పద్నాలుగు పేజీలు రాశాను. విసుగేసినప్పుడల్లా వెళ్ళి దానికి చోళ్ళ గింజలు చల్లేవాణ్ణి, వేరుశనక్కాయలు వలిచిపెట్టేవాణ్ణి.

"నాకెప్పుడైనా ఇలా వలిచిపెట్టారా?" అంది మా ఆవిడ. ఆ ప్రశ్నను రికార్డుల్లోంచి తొలగించాను.

ఊరిపెద్ద తిరిగొచ్చాడు. అందరినీ పిలిచి తీర్పు చదవడం మొదలుపెట్టాను. రెండో పేరాలోనే ఆయన చెయ్యెత్తాడు.

"పొద్దు గూకతంది బాబూ. రెండిళ్ళ మధ్యన వదిలీండి. ఏ గుమ్మం ఎక్కితే ఆలదే కోడి. మా కాడ ఎప్పుడూ ఇంతే."

ఆడవాళ్ళిద్దరూ సరేనన్నారు. పెట్టను గంపతో సహా ఆ రెండిళ్ళ మధ్యకి తీసుకెళ్ళి గంప ఎత్తాం. నల్లపెట్ట మెడ సాచి ఈ గుమ్మం చూసింది, ఆ గుమ్మం చూసింది. తరవాత వెనక్కి తిరిగి, దారి దాటి, మా మెట్లెక్కి, నా కుర్చీ కింద ముడుచుకుని కూర్చుంది.

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఊరిపెద్ద మాత్రం నవ్వలేదు.

"వారం దినాలు తిండెట్టి దాని ఇల్లు మరిపినారు. ఇంక అది ఎవులిదో ఎవులికీ తెలదు," అన్నాడు. "కోడి మీదే బాబూ. ఈలిద్దరికీ సెరో పెట్ట ఇచ్చీండి."

అప్పీలుకు వెళ్దామంటే పై కోర్టు లేదు. సంతలో రెండు పెట్టలు కొనిచ్చాను. ఆ పద్నాలుగు పేజీలూ మా ఆవిడ గంపలో గడ్డి కింద పరిచింది.

మర్నాడు పొద్దున్నే ఆ ఇద్దరూ కలిసి మా అరుగెక్కారు. ఇంకో కేసేమోనని కళ్ళజోడు పెట్టుకున్నాను.

"గుడ్డెట్టిందేటి బాబూ?" అని అడిగారు.

ఆ ఊళ్ళో నన్నొకరు ఏదైనా అడగడం అది రెండోసారి. "పెట్టింది," అన్నాను, వాయిదా వెయ్యకుండా.