తలుపు వైపు చూసే కుర్చీ

ఇదొక గూఢచారి మహాగాథ. అలా అనాలనే ఉంది గానీ, ఇది ఒమన్‌లో మా దుక్మ్ సైట్ మెస్‌లోని ఓ కుర్చీ కథ.

మా సేఫ్టీ ఆఫీసర్ కజకిస్తాన్ పెద్దాయన. ఒకప్పుడు అక్కడి గూఢచారి శాఖలో డ్రైవరు. ఎప్పుడూ వెనక గోడకు ఆనుకుని, తలుపు వైపు చూస్తూ తినేవాడు. పాత ఉద్యోగం అలవాటని మేం గుసగుసలాడేవాళ్లం.

కంపెనీని అమ్మేస్తున్నారని తెలిసిన రోజు ఎవరికీ అన్నం దిగలేదు. "ఇగ ఇంటికి పోవుడేనా సార్?" అన్నాడు మా జగిత్యాల మల్లన్న.

నేనది హిందీలో చెబితే, పెద్దాయన వచ్చీరాని హిందీలోనే జవాబిచ్చాడు. "మాకు సోవియట్ దేశమే పోయింది. మర్నాడు ఆఫీసుకెళ్తే అవే కుర్చీలు, అదే చాయ్. తర్వాత గేటు మీద బోర్డు మార్చారు, అంతే. తిను."

నిజంగానే బోర్డే మారింది. మేమంతా మిగిలాం. కొత్త కంపెనీ ఏసీని వెనక గోడ నుంచి తలుపు మీదకు మార్చింది. ఆ రోజు నుంచి పెద్దాయన ఏసీ కిందే, తలుపుకు వీపు పెట్టి తినేవాడు.