గేటు బయట చెప్పిన పాఠం

పొరుగు రాష్ట్రంలోని కిరందుల్‌లో గనులకు కంప్యూటర్ పనులు చేసిపెట్టే ఒక చిన్న కంపెనీ ఉంది. అందులో దశరథరామయ్య గారంటే అందరికీ గురుభావమే. ఎప్పుడో విజయనగరం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఓపిక మెండు, కోపం తెలియదు. అలాంటి మంచివాళ్లు తప్పు చేస్తే మరీ చిక్కు, మనసారా తిట్టుకోను కూడా లేం.

నిరుడు సర్వర్లన్నిటినీ ఒకే తెర మీద నుంచి నడిపించే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. తలపండిన ఉద్యోగులు కూడా మళ్లీ విద్యార్థులయ్యారు. నేర్పే బాధ్యత ఆయనది. చివర్లో పరీక్ష. నెగ్గినవాళ్లు సర్వర్ గదిలో ఉంటారు, తప్పినవాళ్లు స్టోర్స్‌కి పోతారు. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. సుక్రాం మాత్రం తోంగ్‌పాల్ వాడు, ఇంట్లో మాట్లాడేది హల్బీ, ఆఫీసులో హిందీ, తెలుగు రాదు. ఆ గదిలోనే అతని జుట్టు నెరిసింది. అది వదిలి ఇంకెక్కడా ఉండలేనని అందరితో అనేవాడు.

పాఠం హిందీలోనే జరిగేది. అంతవరకూ దశరథరామయ్య గారిని వేలెత్తి చూపలేం. కానీ హిందీలో ఆయన పుస్తకంలో ఉన్నది మాత్రమే చెప్పేవారు. విరామంలో గేటు బయట టీ కొట్టు దగ్గర తెలుగువాళ్లంతా మూగితే అప్పుడు తెలుగులో అసలు నోరు తెరుచుకునేది. కిటుకులన్నీ అక్కడే.

"బటన్ నొక్కేముందు జాబితా చూడండ్రా. మనం ఒక్కటే ఎంచుకున్నాం అనుకుంటాం. అది అన్నిటికీ టిక్కు పెట్టేసి ఉంటాది" అని ఒకరోజు మరీ మరీ చెప్పారు. సుక్రాం ఆ గుంపులో లేడు.

పరీక్షలో ఒక సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టమన్నారు. సుక్రాం బటన్ నొక్కాడు. పరీక్ష కోసం పెట్టిన సర్వర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. వారం తిరక్కుండా అతన్ని స్టోర్స్‌కి మార్చేశారు.

అంత అనుభవం ఉన్నవాడు టిక్కులు చూడకుండా ఎలా నొక్కాడా అని దశరథరామయ్య గారు భోజనాల దగ్గర తెగ వాపోయారు. ఆ టిక్కుల సంగతి క్లాసులో చెప్పారా అని భార్య అన్నపూర్ణ గారు అడిగారు. లేదు, టీ కొట్టు దగ్గర చెప్పానన్నారాయన.

"అయితే మనోళ్లకే చెప్పేరన్నమాట" అందావిడ.

మర్నాడు దశరథరామయ్య గారు మేనేజరు దగ్గర తప్పు తనదేనని ఒప్పుకుని, మళ్లీ పరీక్ష పెట్టమని బతిమాలారు. ఫలితాలు రాయ్‌పూర్ ఆఫీసుకి వెళ్లిపోయాయని, ఇక తన చేతుల్లో లేదని మేనేజరు తేల్చేశాడు. అక్కడి నుంచి నేరుగా స్టోర్స్‌కి వెళ్లారు. పాత కీబోర్డుల పెట్టెల మధ్య కూర్చున్న సుక్రాంకి జరిగిందంతా చెప్పి క్షమించమన్నారు. ఒక్కసారైనా టీ కొట్టు దగ్గరికొచ్చి ఏం మాట్లాడుతున్నారని అడగాల్సింది కదా అని కూడా అన్నారు, ఉండబట్టలేక.

సుక్రాం కోప్పడలేదు. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోమన్నాడు. హిందీలో మెల్లగా జవాబిచ్చాడు.

"మీ ఇళ్ల సంగతులు మాట్లాడుకుంటున్నారనుకున్నా సార్. వినడం మర్యాద కాదని దూరంగా నిలబడేవాణ్ణి."

దానికి బదులు నాలుగు తిట్టినా దశరథరామయ్య గారికి కాస్త తేలిగ్గా ఉండేది.