ఎర్రోల్ టలక్ పచ్చగీత

ఎర్రోల్ టలక్ ముప్ఫై ఒక్క ఏళ్లు మాంసం ఫ్యాక్టరీలో గొర్రెల ఎముకలు తీసి, అరవై నాలుగో ఏట రిటైరై, ఆ మర్నాడే పోకర్ పండితుడయ్యాడు. పండితుడని ఊరు అనలేదు, ఆయనే అనుకున్నాడు. న్యూజిలాండ్ దక్షిణపు చివరనున్న మా ఇన్వర్‌కార్గిల్‌లో ఎవరి డప్పు వాళ్లే కొట్టుకోవాలి. అదీ మెల్లగా, వాన గురించి మాట్లాడుతున్నట్టు కొట్టుకోవాలి. ఆ మెల్లగా అన్న ముక్కే ఎర్రోల్‌కి ఎన్నడూ ఒంటబట్టలేదు.

ఆయన డప్పు ఫ్రిజ్ మీద ఉండేది. ప్రతి శనివారం పొద్దున టీ తాగి, కంప్యూటర్ తెరిచి, ఒక గ్రాఫు ప్రింటు తీసి, గొర్రె బొమ్మ అయస్కాంతంతో ఫ్రిజ్ తలుపుకు అతికించేవాడు. అందులో ఒక పచ్చగీత. ఎడమవైపు కింద మొదలై కుడివైపు పైకి పోయేది. పాల కోసం ఫ్రిజ్ తెరవబోయిన ప్రతి మనిషీ ముందు ఆ గీతను దర్శించుకోవాల్సిందే. ప్లంబర్ దర్శించుకున్నాడు. చర్చి చందాకు వచ్చినావిడ దర్శించుకుంది, పాపం, ఆవిడ అది ఎవరి రక్తపోటో అనుకుని కోలుకోవాలని ప్రార్థిస్తానంది.

ఎర్రోల్ పోకర్ ఆడేది ఇంటర్నెట్‌లో. మామూలుగా పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా, సెంట్ల పందేలు. ఆట చిన్నదే కానీ హంగు మాత్రం చిన్నది కాదు. ఆడిన ప్రతి ఆటనూ దాచిపెట్టి లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాడు. ఎదుటివాడు ఎన్నిసార్లు ముక్కలు పడేసి పారిపోతాడు, ఎన్నిసార్లు చేతిలో ఏమీ లేకుండానే బ్లఫ్ చేస్తాడు, అన్నీ వాడి పేరు పక్కన చీమ తలకాయలంత అంకెల్లో చూపిస్తుంది. అది చాలక ఎర్రోల్ తన సొంత నోట్సు కూడా రాసుకునేవాడు. 'వీడు మంగళవారం మొండివాడు.' 'ఈవిడ బ్లఫ్ చేయదు, దండం పెట్టి తప్పుకో.' ఎనిమిదేళ్లలో నాలుగు లక్షల పై చిలుకు ఆటలు, రెండు వేల మంది జాతకాలు అందులో పేరుకున్నాయి. నాలుగు పుస్తకాలు కూడా చదివాడు. ఓడిన రోజున వాటిలోంచి ఒక మాట తీసేవాడు: వేరియన్స్. అంటే మనం సరిగ్గానే ఆడాం, అదృష్టమే అటూ ఇటూ ఊగింది అని. చేపలు పడకపోయినా వేరియన్సే, కేకు పొంగకపోయినా వేరియన్సే.

ఇక ఆయన ఆడే చోటు. ఇంటికి ఉత్తరం వైపు ఒక అద్దాల వసారా ఉంది. భూగోళానికి అడుగునున్న మాకు ఎండ వచ్చేది ఉత్తరం నుంచే. మా ఊళ్లో ఆ మాత్రం ఎండ పడే చోటు దొరకడమే అపురూపం. దాని మీద ఆయన భార్య నైరీకి మొదటి నుంచీ కన్ను. టమాటా నారు పెంచుకుంటానని ఆవిడ, పోకర్ ఆడుకుంటానని ఈయన. పదిహేను రోజులు ఎడమొహం పెడమొహం అయ్యాక నైరీయే దిగొచ్చింది.

"నీ గీత పైకి పోయినన్నాళ్లూ వసారా నీది. కిందికి దిగిన రోజు నా టమాటాలది. సరేనా?"

"సరే," అన్నాడు ఎర్రోల్. చేతులు కలిపి ఊపుకున్నారు కూడా.

అప్పటి నుంచి ఆవిడ నారు బట్టలుతికే గదిలో, వాషింగ్ మెషీన్ మీద పెరిగింది. మెషీన్ తిరిగినప్పుడల్లా పాపం ఆ మొక్కలు గజగజలాడేవి. కాయలు కాసేవి, పండేవి కావు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో పచ్చి టమాటా పచ్చడే. నైరీ మాట తప్పే మనిషి కాదు గనక వసారా జోలికి పోలేదు. ఒక్కసారి మాత్రం అడిగింది.

"గీత పైకే పోతోంది కదా, మరి ఆ సైటులో మళ్లీ మళ్లీ డబ్బు ఎందుకు వేస్తున్నావయ్యా?"

"సైటువాళ్ల కోత ఉంటుంది. అమెరికా డాలరు మారకం ఉంటుంది. ఆపైన వేరియన్స్," అన్నాడు ఎర్రోల్. అని, వసారా తలుపు మూసుకున్నాడు.

మొన్న సెప్టెంబరులో పాత కంప్యూటర్ ప్రాణం మీదికొచ్చింది. లోపల ఫ్యాను గురక పెట్టేది. ఒకరోజు సరిగ్గా రెండు ఆసులు చేతికొచ్చిన క్షణాన తెర నీలంగా మారి ఊరుకుంది. ఎర్రోల్ పెట్టిన కేక పక్కింటి కుక్క కూడా విన్నది. నైరీ తను దాచుకున్నదాంట్లోంచి కొత్త కంప్యూటర్ కొనిపెట్టింది.

"కొత్తదాంట్లో కూడా గీత పైకే పోవాలి, గుర్తుంది కదా?" అంది.

"గీత ఎందులో చూసినా గీతే కదే పిచ్చిదానా," అని నవ్వాడు ఎర్రోల్.

డేటా మార్చడం తన వల్ల అవుతుందని ముందు తనే పూనుకున్నాడు. ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, తెర మీదున్న సాఫ్ట్‌వేర్ బొమ్మను అందులోకి లాగి, కొత్తదాంట్లోకి దించి, అయిపోయింది చూడు అన్నాడు. అరనిమిషంలో అయింది. నాలుగు లక్షల ఆటలు అరనిమిషంలో ఎలా కదిలాయన్న అనుమానం ఆ మహానుభావుడికి రాలేదు. బొమ్మను నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. అప్పుడు రెండిళ్ల అవతలుండే సలోటేకి ఫోన్ చేశాడు. సలోటే టోంగా దీవుల ఆవిడ, లైబ్రరీలో ముసలివాళ్లకు కంప్యూటర్ నేర్పుతుంది. ఆ పని చేసేవాళ్లకు సహజంగా దేనికీ ఆశ్చర్యం కలగదు.

శనివారం పొద్దున వచ్చి చూసింది. "ఇంటి బోర్డు పట్టుకొచ్చారు అంకుల్. సామానంతా అక్కడే ఉంది," అంది.

ఇక పద్ధతిగా మొదలుపెట్టింది. పాతదాన్ని బతిమాలి లేపింది. అందులోని ఆటలన్నిటినీ ఒక పెద్ద మూటగా కట్టమంది. నోట్సు ఇంకో మూట. కొత్తదాంట్లో సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి ఎక్కించింది. ఆ మూటలు కట్టడానికే గంటంబావు పట్టింది. ఈలోగా నైరీ చీజ్ రోల్స్ కాల్చి టీతో తెచ్చి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూచుంది. ఎర్రోల్ మాత్రం ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాడిలా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

"సెట్టింగులు కూడా తీసుకెళ్లమంటారా అంకుల్?" అని అడిగింది సలోటే.

"అబ్బే, అవి రంగులూ అక్షరాల సైజులూ. అవెందుకు, ఆటలు వస్తే చాలు," అన్నాడు ఎర్రోల్.

అదీ ఆయన అన్న మాట. తర్వాత ఆ నోరు కుట్టేసుకుందామనుకున్నాడు.

మూట విప్పడం పూర్తయింది. సలోటే రెండు కంప్యూటర్లలోనూ ఆటల మొత్తం సరిచూసింది. ఒక్క అంకె కూడా తేడా లేదు. ఎర్రోల్ కుర్చీలో కూచుని, కళ్లజోడు సర్దుకుని, ప్రింటర్‌లో కాగితం పెట్టి మరీ గ్రాఫు తెరిచాడు.

గీత ఎడమవైపు పైన మొదలైంది. అక్కడి నుంచి ఒక్కో మెట్టే దిగుతూ కుడివైపు అడుక్కి పోయింది.

నైరీ నోట్లో పెట్టుకున్న చీజ్ రోల్ నమలడం ఆపింది.

"తిరగబడింది," అన్నాడు ఎర్రోల్ చివరికి. "తెచ్చేటప్పుడు తిరగబడింది. సలోటే, దీన్ని సరిగ్గా పెట్టు."

"గీతలు తిరగబడవు అంకుల్."

"మరి పాతదాంట్లో పైకి పోతోంది కదా, నువ్వే చూడు."

చూసింది. నిజమే, పాతదాంట్లో పైకే పోతోంది. అవే ఆటలు, అదే లెక్క, ఒకటి పైకి, ఇంకొకటి కిందికి. సలోటే పాత తెర దగ్గరికి మొహం పెట్టి ఒక మూల వెతికింది. అక్కడ గోరంత గరాటు బొమ్మ ఉంది.

"ఇక్కడ ఏదో వడపోత పెట్టి ఉంది అంకుల్, కొన్ని ఆటలే గీతలోకి వస్తున్నాయి. ఎప్పుడు పెట్టారు?"

ఎర్రోల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పక తప్పింది కాదు. ప్రతి శుక్రవారం ఆయన పొద్దుటి ఆట మానేసి, మధ్యాహ్నం బౌల్స్ క్లబ్బుకు పోతాడు. వేసవిలో పచ్చిక మీద, చలికాలంలో హాల్లో పరిచిన తివాచీ మీద బంతులు దొర్లించి, మూడు గ్లాసుల బీరు తాగి, సాయంత్రం ఇంటికొచ్చి, ఆ ఊపులో కాసేపు పోకర్ ఆడతాడు. సాఫ్ట్‌వేర్ కొన్న కొత్తలోనే ఆయనకు జ్ఞానోదయమైంది. శుక్రవారం ఆడేది తను కాదు, బీరు. బీరు ఆటను తన ఖాతాలో ఎందుకు వెయ్యాలి? అందుకని సెట్టింగుల్లోకి వెళ్లి, వారాల పట్టీలో శుక్రవారాన్ని తీసేశాడు. తీసేసి, ఆ సంగతే మరిచిపోయాడు.

"ఎలా తీసేశారు?" అంది సలోటే.

"ఎలా ఏముంది, శుక్రవారం పక్కన టిక్కు పెట్టాను."

లైబ్రరీలో పన్నెండేళ్ల అనుభవం సలోటేది. టీ ఒక గుటక తాగి, మెల్లగా చెప్పింది. "టిక్కు పెడితే దాన్ని తియ్యమని కాదు అంకుల్. దాన్నొక్కదాన్నే ఉంచమని."

ఎర్రోల్‌కి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నైరీకి పట్టలేదు.

"అంటే," అంది నైరీ, "ఎనిమిదేళ్లుగా నా ఫ్రిజ్ మీద ఊరేగింది శుక్రవారం ఒక్కటేనా?"

సలోటే కొత్తదాంట్లో ఒక్కో వారాన్నీ విడిగా తీసి చూపించింది. సోమవారం, కిందికి. మంగళవారం, కిందికి. బుధ, గురు, శని, ఆది, వరసపెట్టి కిందికే. శుక్రవారం, పైకి. నిటారుగా, పచ్చగా, ఫ్రిజ్ మీద చూసినట్టే.

ఎర్రోల్‌కి ప్లంబర్ గుర్తొచ్చాడు. చర్చి ఆవిడ గుర్తొచ్చింది. క్లబ్బులో కుర్రకారుకు తను ఇచ్చిన ఉపన్యాసాలు గుర్తొచ్చాయి. అన్నిటికంటే ఆ నాలుగు పుస్తకాలు.

"మరి నేను చదివిందంతా ఏమైనట్టు?" అన్నాడు.

"శుక్రవారం చదవవుగా," అంది నైరీ.

"నోట్సు? ఆ అంకెలు? ఒక్కోడి గురించి ఇంతింత రాశానే."

"శుక్రవారం అవి చూస్తావా?"

ఎర్రోల్ ఆలోచించాడు. "కనబడవు," అన్నాడు నిజాయితీగా. "కళ్లజోడు క్లబ్బు సంచిలో ఉండిపోతుంది. బీరు తాగాక లేచి తెచ్చుకోబుద్ధి కాదు. పేకముక్కలు పెద్దవి గనక వాటి వరకూ కనబడతాయి." అని ఆగిపోయాడు. తను కొన్న సాఫ్ట్‌వేర్ కనబడని రోజునే తను గెలిచాడన్న సంగతి అప్పుడే తలకెక్కింది. పాపం, ఆ ముక్క తలకెక్కుతుంటే ఆ మొహం చూడలేకపోయాం అని సలోటే తర్వాత మా అందరితో అంది.

"అయితే రోజూ..." అని మొదలుపెట్టాడు.

"రోజూ బీరు తాగుతానని మాత్రం అనకు," అంది నైరీ.

సరిగ్గా అదే అనబోయాడు.

నైరీ లేచి వెళ్లింది. బట్టల గదిలోంచి నారు ట్రే ఒకటి తెచ్చి, కొత్త కంప్యూటర్ పక్కన అద్దం దగ్గర పెట్టింది. మళ్లీ వెళ్లి ఇంకొకటి తెచ్చింది. మూడోది పెట్టడానికి ఆ నాలుగు పుస్తకాలూ తీసి కింద పడేసింది. ఎర్రోల్ అడ్డం చెప్పలేదు. మాట మాటే. పాత కంప్యూటర్ తీగలు తనే పీకి, బల్ల ఖాళీ చేసి ఇచ్చాడు.

"ఇక నేను ఆడనులే," అన్నాడు. "అమ్మేద్దాం ఇవన్నీ."

నైరీ మట్టి చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంది. "శుక్రవారం ఆడు," అంది. "మిగతా రోజులు తలుపు మూసుకుని ఆడతావు. శుక్రవారం తలుపు తీసి ఆడతావు. మంచి ముక్కలు పడ్డప్పుడల్లా నైరీ, ఇటు రా, ఇది చూడు అని పిలుస్తావు. అది నాకు ఇష్టం. ఆరు రోజులు మొక్కలవి, ఒక్క రోజు నీది."

ఆ శుక్రవారం ఎర్రోల్ క్లబ్బులో ఒక్క గ్లాసే తాగాడు, భయంతో. ఇంటికొచ్చి, టమాటా ట్రేల మధ్య ఒదిగి కూచుని, సంచిలోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఉన్న ఒక్క పచ్చగీత కూడా ఇవాళ దిగిపోతుందేమోనని ప్రతి అంకెనూ రెండేసి సార్లు చదివాడు. పావుగంటలో వరసగా ఐదు ఆటలు పోయాయి.

నైరీ నీళ్ల డబ్బాతో వచ్చింది. మొక్కలకు నీళ్లు పోసి, దారిలో ఉన్నదాన్ని సర్దినట్టుగా ఆయన ముక్కు మీది కళ్లజోడు తీసి తన ఏప్రాన్ జేబులో వేసుకుంది.

"అది ఇవ్వు నైరీ. తెర మీద వీడి పేరు పక్కన ఏదో నోట్సు ఉంది. ఏం రాశానో చూసి చెప్పు, పోనీ."

నైరీ తన కళ్లజోడులోంచి వంగి చూసింది. 'వీడు గట్టివాడు, జన్మలో వీడితో పెట్టుకోకు' అని ఉంది.

"ఏమీ రాయలేదు," అంది. "నీకు బాగుందనిపిస్తే ఆడు."

ఆడాడు. ఉన్నదంతా ముందుకు నెట్టాడు. వాడు నిజంగానే గట్టివాడు, ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. ఎర్రోల్ ఖాళీ అయిన తెర వైపు కాసేపు చూసి, కుర్చీ వెనక్కి వాల్చి, పొట్ట కదిలేలా నవ్వాడు. "ఎంత చెత్తగా ఆడాను చూశావా నైరీ," అన్నాడు. ఎనిమిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. వేరియన్స్ ఊసే ఎత్తలేదు.